కోనసీమ: రాతల్లో మారిన నేల

ప్రకృతి రచన అనగానే చెట్టునీ పిట్టనీ ఏటినీ మెచ్చుకునే రాత అనుకోవడం అలవాటైపోయింది. మెచ్చుకోలు అందులో ఒక పాలు మాత్రమే. ఒక చోటును పేరుపేరునా ఎరిగి, అక్కడ నీరు ఎటు పారుతుందో, ఏ కార్తెకు ఏది నాటుతారో, ఆ పని ఎవరి రెక్కల మీద నడుస్తుందో చూసి రాసినదంతా ఈ కోవలోకే వస్తుంది. అది యాత్రాచరిత్ర కావచ్చు, వృక్షశాస్త్ర గ్రంథం కావచ్చు, ఇంజనీరు నివేదిక, నవల, నాటకం, పత్రికా కథనం ఏదైనా కావచ్చు. అలాంటి రాతలు చదివినవాళ్లకు తమ నేలతో ఉన్న సంబంధం ఎలా మారుతూ వచ్చిందో చూడాలంటే కోనసీమ మంచి ఉదాహరణ.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ముక్కోణపు డెల్టాయే కోనసీమ. వసిష్ఠ నుంచి విడివడ్డ వైనతేయ ఆ నేలను మళ్లీ చీల్చి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అమలాపురం, కొత్తపేట దానికి ఇవతల, రాజోలు అవతల. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది విడి జిల్లా అయింది, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. కొబ్బరి తోటలు, వరి చేలు, పంట కాలువలు, లంకలు ఉన్నాయి గనుక వర్ణనలకు కొదవ లేదు. చిత్రమేమిటంటే, ఇక్కడి జనం నేలతో మెలిగే తీరును మార్చిన రాతల్లో చాలా వాటికి ఈ అందంతో పనే లేదు. కొన్ని నీటిని లెక్కగట్టాయి, కొన్ని పాలేరుతనాన్ని నిలదీశాయి, కొన్ని నేల అడుగున ఏముందో బయటపెట్టాయి.

ఈ నేలకు మొదటి పాఠకులు యాత్రికులు. గోదావరి చివరి పాయలకు పురాణం ఋషుల పేర్లు పెట్టింది. పుష్య అమావాస్య నాడు, అంటే చొల్లంగి అమావాస్య నాడు, కాకినాడ పక్కనున్న చొల్లంగిలో మునిగి, పాయలు సాగరంలో కలిసే చోటల్లా స్నానం చేసుకుంటూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడం సప్తసాగర యాత్ర. ఆ యాత్ర పూర్తి చేసినవాడికి డెల్టా సముద్రపుటంచు ఏ పటమూ లేకుండానే తెలిసేది. కాలక్రమాన కొన్ని పాయలు పూడిపోయాయి. స్నానపు రేవులకు ఆ పేర్లు మాత్రం నిలిచాయి. ఒకప్పుడు నీరెక్కడ పారిందో చెప్పే ఆనవాళ్లుగా అవి ఇప్పటికీ పనికొస్తాయి. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో గౌతమికి ఆవలి గట్టునున్న దాక్షారామాన్ని కీర్తించాడు. అప్పటినుంచీ ఈ నీటి సీమ తెలుగు పద్యంలో స్థిరపడింది.

పుస్తకంతో పనిలేకుండా సాగే చదువూ ఒకటి ఉంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు పచ్చటి చేల మీదుగా, కాలువలో దిగి, మనుషుల భుజాల మీద వస్తాయి. పైరు నలిగిన రైతు దాన్ని నష్టం కింద రాసుకోడు, శుభమనుకుంటాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

తెలుగు వచనంలో దారినీ నేలనూ తీరిగ్గా చూసిన తొలి పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన ఆయన తిరుగు ప్రయాణంలో కోస్తా దారిన గోదావరి సీమ దాటాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో పుణ్యం కన్నా దారి ఎక్కువ కనిపిస్తుంది. మజిలీ మజిలీకీ ఊరి తీరు, నీటి వసతి, సరుకుల సంగతి రాసుకుంటూ వెళ్లాడు. 1941లో దిగవల్లి వేంకటశివరావు దాన్ని పరిష్కరించి మళ్లీ అచ్చు వేయించకపోతే అది పాత కాగితాల్లోనే ఉండిపోయేదేమో.

వీరాస్వామయ్య యాత్రకు అర్ధ శతాబ్దం ముందే, గౌతమికి ఉత్తరాన సామర్లకోటలో, స్కాట్లండు నుంచి వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మొక్కల తోట పెంచాడు. 1781 నుంచి 1793 దాకా అక్కడ ఉండి వానలెక్కలు రాశాడు, దేశీ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో 300 చిత్రపటాలున్నాయి. ఆయన మరణం తర్వాత వచ్చిన ఫ్లోరా ఇండికాలో లాటిన్ పేరు పక్కనే తెలుగు పేరు కనిపిస్తుంది. ఊళ్లో మందుకో వంటచెరకుకో వాడే మొక్కను ఊరివాళ్ల పేరుతోనే ప్రపంచం ముందు పెట్టడమంటే, ఆ పరిజ్ఞానం ఎవరిదో ఒప్పుకోవడం కూడా. సర్కారు జిల్లాల కరువులను కళ్లారా చూసిన రాక్స్‌బర్గ్ వానలు తప్పినా తిండి పెట్టగల కొబ్బరి, తాటి, పనస వంటి చెట్లు విరివిగా నాటించాలని ఈస్టిండియా కంపెనీకి రాశాడు. ఆయన సామర్లకోటలో ఉన్న కాలంలోనే, 1789లో, ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే పల్లెటూరి మతగురువు తన సెల్బోర్న్ గ్రామపు పిట్టలు, పురుగులు, వానల గురించి రాసిన ఉత్తరాలు పుస్తకమయ్యాయి. ఒకే ఊరిని ఏళ్ల తరబడి చూసి రాసిన అటువంటి పుస్తకం కోనసీమలోని ఏ ఊరికీ రాలేదు.

కోనసీమ రూపురేఖలనే మార్చిన రాత మాత్రం ఇంజనీరుది. 1821లో దాదాపు 7.38 లక్షలున్న రాజమహేంద్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. కరువులు, తుఫానులు, వలసలు. నది నిండుగా సముద్రంలోకి పోతుంటే గట్టునున్న ఊళ్లు ఎండేవి, లేదా మునిగేవి. కారణాలు కనుక్కోమని పంపిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఇంజనీరు ఆర్థర్ కాటన్ తన నివేదికలు రాశాడు. వాటిలో కీలకం ఒక పరిశీలన. ఎక్కువ చోట్ల నది లోయ అడుగున పారుతుంది. డెల్టాలో అలా కాదు. ఒండ్రు పోసి పోసి నది తన గట్టునే ఎత్తు చేసుకుంటుంది, అక్కణ్నుంచి నేల దూరం పోయేకొద్దీ వాలుతుంది. డెల్టా తలదగ్గర నీటిని కాస్త ఎత్తి నిలబెడితే చాలు, మిగతా దారి అదే వెతుక్కుంటుంది. ఈ వాదన చదివినవాళ్లు మద్రాసులో, లండన్లో ఉన్న కొద్దిమంది అధికారులు. వాళ్లు ఒప్పుకున్నారు. 1847లో మొదలైన ఆనకట్ట 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా పూర్తయింది.

ఆ నీరు వైనతేయ అవతల ఉన్న నగరం ద్వీపానికి, అంటే నేటి రాజోలు సీమకు, చేరాలంటే నదినే దాటాలి. లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు లేచింది. కింద నది, పైన కాలువ. దాని పక్కన ఇటీవలి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా దారినపోయే వాళ్లకు అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. హేగ్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది, ఆమె పేరు నీటి మీద ఉంది.

కాటన్ నివేదికలను కోనసీమ రైతులు చదవలేదు, కానీ వాటి భాష వాళ్ల నోటికి వచ్చింది. ఇవాళ లంక గ్రామంలో అక్షరం రాని ముసలమ్మ కూడా జూలై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారని అడుగుతుంది. నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ మాట రేడియోలో, ఇప్పుడైతే ఫోన్లో, వినగానే పశువులు గట్టెక్కుతాయి. 1986 ఆగస్టు వరద 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో దాదాపు 26 లక్షలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తమ ఇంటి గోడ మీద నీటి గుర్తు ఎక్కడి దాకా వచ్చిందో చెప్పగలవాళ్లు లంకల్లో ఎందరో. కాటన్‌ను భగీరథుడితో పోల్చి సంస్కృత శ్లోకం కట్టిన పండితులదీ ఈ సీమే. అంకెలూ శ్లోకమూ కలిసి కొలిచిన నీటిని కూడా పుణ్యజలంలాగే చూడ్డం నేర్పాయి.

అయితే ఆ నివేదికల చూపులో ఒక లోటు ఉండిపోయింది. పొలంలోకి నీరెలా వస్తుందన్నది వాటికి ముఖ్యం. ఎలా బయటికి పోతుందన్నది తర్వాతి తరాల తలనొప్పి అయింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు కాలువల కోసం ప్రత్యేకంగా పన్ను వసూలు చేసే డ్రైనేజీ సెస్సు చట్టం 1968లో గానీ రాలేదు.

నవలలోకి కోనసీమ దర్జాగా అడుగుపెట్టింది అడివి బాపిరాజు నారాయణరావుతో. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలా బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలుతో కలిసి పంచుకున్న పుస్తకం ఇది. కథానాయకుడిది కొత్తపేట. బాపిరాజు చిత్రకారుడు కూడా. జమీందారు కూతురిని పెళ్లాడిన పల్లెటూరి యువకుడి కథలో ఆ పల్లె వెనకబడిన చోటుగా కాక సంస్కారానికి పుట్టిల్లుగా కనిపిస్తుంది. పట్నం చదువులకు వెళ్లిన అప్పటి యువకులకు తమ ఊరిని చెప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదన్న ధైర్యం అలాంటి నవలలే ఇచ్చాయి. అందులోని పొలాలు బాగుంటాయి. వాటిలో వంగి నాటు వేసేవాళ్లు మాత్రం దూరంగా ఉంటారు.

ఆ దూరాన్ని చెరిపినవాడు మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న. ఆయన పాలేరు నాటకం 1940ల్లో ఊరూరా ఆడింది. దళిత కుర్రాడు పాలేరుతనం వదిలి చదువుకుని పైకి రావడం కథ. అది చూసి పిల్లల్ని మోతుబరి ఇంటి పని మాన్పించి బడికి పంపిన కుటుంబాల గురించి గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రకృతి రచనల జాబితాలో పాలేరును ఎవరూ చేర్చరు. చేర్చాలి. నేలతో మనిషి సంబంధం మార్చడం అనేదానికి అంతకన్నా సూటి ఉదాహరణ ఈ ప్రాంతంలో మరొకటి లేదు. గట్టు మీద నిలబడి చూసేవాడికి కోనసీమ పచ్చదనం. ఆ పచ్చదనంలో సెంటు భూమి లేక ఏడాది జీతానికి కుదిరినవాడికి అది యజమాని చేను. భీమన్న గుడిసెలు కాలిపోతున్నాయి సంపుటికి 1975లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. డెల్టా పల్లెలో ఇల్లు అన్న మాటకు పెంకుటిల్లూ మండువా లోగిలీ మాత్రమే గుర్తొచ్చే పాఠకుడి ముందు ఆ పుస్తకం తాటాకు గుడిసెను నిలబెట్టింది.

తర్వాతి దశాబ్దాల్లో గోదావరి కథ ఒక పెద్ద పాఠక లోకాన్ని సంపాదించుకుంది. ధవళేశ్వరం మనిషి బి.వి.ఎస్. రామారావు గోదావరి కథలు, స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన వంశీ మా పసలపూడి కథలు, ఆ తర్వాత మా దిగువ గోదావరి కథలు ఇందులో ముఖ్యమైనవి. పసలపూడి నిజానికి గౌతమి అవతల రామచంద్రపురం వైపుది. పాఠకులు ఆ తేడా పట్టించుకోలేదు, అంతా కోనసీమగానే చదువుకున్నారు. హైదరాబాదులో, డాలస్‌లో స్థిరపడ్డ వాళ్లకు ఈ కథలు రేవులనూ పుంతలనూ తినుబండారాలనూ ఇంటిపేర్లతో సహా తిరిగి ఇచ్చాయి. సినిమా వీటికి రంగులద్దింది. దిండిలో హౌస్‌బోట్లు వచ్చాయి, ఆంధ్రా కేరళ అన్న బిరుదు వచ్చింది. బిరుదు ఇచ్చినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, అది సొంత నేలను ఇంకొకరి ఫొటోతో పోల్చి చూడ్డం నేర్పుతుంది. సంక్రాంతికి మూడు రోజులు వచ్చిపోయే చూపుకు అంబాజీపేట మార్కెట్టులో కురిడీ ధర తెలియదు, దింపు కార్మికులు ఎందుకు కరువయ్యారో తెలియదు.

ఆ మెత్తని చిత్రాన్ని 1995 జనవరి 8 చీల్చేసింది. పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో గ్యాసు ఎగదన్ని అంటుకుంది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటిదాకా కోనసీమ నేల అంటే పైన ఉన్న రెండడుగుల ఒండ్రే. ఆ రెండు నెలల పత్రికా కథనాలు బ్లోఅవుట్, రిగ్ అన్న మాటల్ని టీకొట్టు దాకా తెచ్చాయి, అడుగున వేల అడుగుల లోతున ఇంకో కోనసీమ ఉందని చెప్పాయి. మరుసటి ఏడాది, 1996 నవంబరు 6 రాత్రి, తుఫాను కోనసీమ మీద విరుచుకుపడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. నాటు రకం కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. కాటన్ కాలపు కాలువ ఏ ద్వీపం కోసం నది దాటిందో ఆ ద్వీపమే ఇది. ఈ ప్రమాదాల తర్వాత పైపులైను గుర్తుగా పొలం మధ్య పాతిన పసుపు రాళ్లను రైతు చూసే తీరు మారింది. పైపు ఎటు పోతోంది, దాని వయసెంత అని అడగడం మొదలైంది. అమెరికాలో రేచల్ కార్సన్ 1962లో సైలెంట్ స్ప్రింగ్ రాసినప్పుడు ఇలాంటి పనే జరిగింది. పురుగుమందు చల్లిన తోటను చూసే చూపు మారి, 1972లో ఆ దేశం డీడీటీ వాడకాన్ని నిషేధించింది. ఇక్కడ ఆ పని చేసింది ఒక్క పుస్తకం కాదు, పేరు లేని విలేకరుల వార్తలు.

తెలుగు పాఠకుడి చూపును మలచిన పుస్తకాల్లో అనువాదాలూ తక్కువేం కాదు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ ఆరణ్యక్‌ను సూరంపూడి సీతారాం వనవాసిగా తెచ్చారు. అడవిని నరికించే ఉద్యోగి ఆ అడవినే ప్రేమించి కుమిలిపోయే కథ అది. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా పుస్తకం గడ్డిపరకతో విప్లవం పేరుతో వచ్చి, దున్నకుండా పండించవచ్చా అన్న తర్కాన్ని రైతు సభల్లోకి తెచ్చింది. కాకినాడలో పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ చెట్టునే ఆదర్శంగా ప్రకటించి కవిత్వం రాశారు. అక్కినేని కుటుంబరావు కొల్లేటి జాడలు ఒక సరస్సు చిన్నబోవడాన్ని ఒక పిల్లవాడి ఎదుగుదలతో పాటు చెప్పింది. రాజమండ్రి కేంద్రంగా పర్యావరణ పోరాటాలు చేసిన తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి రామేశ్వరం కాకులు కథాసంపుటికి 2023 సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. పోరాటం చేసే మనిషి కథ రాస్తే అది కరపత్రం అవుతుందన్న భయాన్ని ఆయన కథలు తీరుస్తాయి. వాటిలో పిట్టకూ మనిషికీ సమాన మర్యాద ఉంటుంది.

రాత ఒక జీవిని కాపాడిన తెలుగు ఉదాహరణ కడప జిల్లాది. టి.సి. జెర్డాన్ పంతొమ్మిదో శతాబ్దంలో సేకరించి లోకానికి చూపిన కలివికోడి 1900 తర్వాత కనపడక, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని ఊరూరా అడిగారు. వేటకు తిరిగేవాళ్లు దాన్ని పేరుతో సహా గుర్తుపట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర అది దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది, ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం మళ్లింది. జెర్డాన్ తన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా రాసుకున్నవాడే.

కోనసీమకు అటువంటి పని మిగిలే ఉంది. గౌతమి ముఖద్వారాన ఉన్న కోరింగ మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. అక్కడి నీటిపిల్లి గురించి ఆంగ్లంలో కథనాలు వస్తున్నాయి. అదే మడలోకి పీతల కోసం వెళ్లే మత్స్యకార స్త్రీ ఏ పోటుకు ఏ పాయలో దిగాలో ఎలా నిర్ణయించుకుంటుందో తెలుగులో రాసినవాళ్లు అరుదు. అంతర్వేది దగ్గర సముద్రం ముందుకు వస్తోంది. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం దానికి ఒక ప్రధాన కారణమని భూగర్భ శాస్త్రజ్ఞులు ఏనాటి నుంచో చెబుతున్నారు. ఆ సంగతి పరిశోధన పత్రాల్లో ఉంది, పాఠ్యపుస్తకంలో లేదు. శంకరగుప్తం డ్రెయిన్ గుండా పోటు నీరు ఎక్కి కొబ్బరి చెట్ల మొవ్వులు ఎండిపోతున్న తోటలు రాజోలు సీమలో ఉన్నాయి. రొయ్యల చెరువు తవ్విన పొలం పక్కన వరి ఎందుకు ఎర్రబడుతుందో ఆ పక్క రైతుకు తెలుసు. అతను రాయడు, తహసీల్దారుకు అర్జీ పెడతాడు.

ఇటీవలి కోనసీమను అందరికన్నా వివరంగా వర్ణించినవి ఆ అర్జీలే. 2011 ఖరీఫ్‌లో సుమారు లక్ష ఎకరాల్లో రైతులు నాట్లు వేయకుండా పంట విరామం పాటించారు. అన్నపూర్ణ అని పేరుబడ్డ చోట పొలాలు బీడుపడ్డాయన్న వార్త దేశమంతా చదివింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. రైతుల కోరికల్లో గిట్టుబాటు ధర ఉంది, కూలి ఖర్చు ఉంది, పూడిక తీయని మురుగు కాలువలున్నాయి. ఏ బోదె ఎక్కడ మూసుకుపోయిందో, ఏ చేను ఎన్నాళ్లు నీటిలో నానుతోందో ఊరి పేర్లతో చెప్పారు. 2022లో మళ్లీ పంట విరామం మాట వినిపించినప్పుడు రైతులు చూపిన కారణాల్లోనూ ధాన్యం బకాయిలతో పాటు డ్రెయిన్ల పూడిక ఉంది.